కింగ్స్‌ని ఊళ్ళో నిలబెట్టింది ఓనర్ ఒక్కడే కాదండి

ఎడిటర్ గారికి నమస్తే,

ఆమధ్య మీ ఎన్నారై పేజీలో శాక్రమెంటో కింగ్స్ గురించి రాశారు కదా, ముంబైలో పుట్టిన వివేక్ రణదివే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ కొని అది ఊరు వదిలిపోకుండా కాపాడారని. ఆయన కొన్నది నిజమే, 2013లో టీమ్ విలువని 53 కోట్ల డాలర్లకు పైనే లెక్కగట్టారు, అప్పటికి ఎన్‌బీఏలో అదే రికార్డు. మనవాడంటే మనకీ సంతోషమే. కానీ ఆ టీమ్ ఇక్కడ మిగలడం వెనక ఉన్న జనం గురించి మీ ఆర్టికల్‌లో ఒక్క ముక్క లేదు. నేను ఈ ఊరి పక్కనే ఫోల్సమ్‌లో ఉంటా, మ్యాచ్‌లకి వెళ్తుంటా, చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

అసలు ఈ టీమ్‌కి ఊళ్ళు మారడం కొత్త కాదు. మొదట న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ రాయల్స్. 1951లో ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్‌లో న్యూయార్క్ నిక్స్‌ని ఓడించి ఛాంపియన్లయ్యారు, ఎన్‌బీఏలో వీళ్ళకి ఇప్పటికీ అదొక్కటే టైటిల్. 1957లో సిన్సినాటికి పోయారు. అక్కడ ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961-62లో పాయింట్లు, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని పట్టుకోవడం), అసిస్టులు (తోటివాడి బాస్కెట్‌కి దారితీసే పాస్‌లు) మూడూ సీజన్ మొత్తం మీద సగటున రెండంకెల్లో కొట్టాడు, అది అందరికీ తెలుసు. తెలియాల్సింది మారిస్ స్టోక్స్ సంగతి. 1958లో మ్యాచ్‌లో కిందపడి తలకి దెబ్బ తగిలింది, కొన్ని రోజులకి ఒళ్ళంతా చచ్చుబడిపోయింది, తోటి ఆటగాడు జాక్ ట్వైమన్ కోర్టు ద్వారా అతనికి గార్డియన్ అయ్యి 1970లో పోయేదాకా బాగోగులు చూసుకున్నాడు. స్టోక్స్ నల్లజాతివాడు, ట్వైమన్ తెల్లవాడు, అది కూడా ఆ రోజుల్లో. 1972లో మళ్ళీ మూటాముల్లె సర్దుకుని కాన్సాస్ సిటీకి వెళ్ళారు, అక్కడి బేస్‌బాల్ టీమ్ పేరు అప్పటికే రాయల్స్ కాబట్టి వీళ్ళు కింగ్స్ అయ్యారు. 1985లో శాక్రమెంటో.

చాలా ఏళ్ళు ఇక్కడ వీళ్ళు తప్ప ఇంకో పెద్ద లీగ్ టీమ్ లేదండి, జనం అభిమానం అంతా వీళ్ళ మీదే. లాస్ ఏంజెలెస్ టీమ్ లేకర్స్ కోచ్ ఫిల్ జాక్సన్ ఇది ఆవుల ఊరు అని వెటకారం చేస్తే, ఇక్కడివాళ్ళు పశువుల మెడలో కట్టే గంటలే తెచ్చి అప్పటి స్టేడియం ఆర్కో అరీనాలో లేకర్స్ చెవులు చిల్లులు పడేలా వాయించారు. 2002లో వెబ్బర్, డివాచ్, బిబీ, పేజా ఉన్న టీమ్ 61 మ్యాచ్‌లు గెలిచి వెస్ట్ ఫైనల్స్‌లో (లీగ్ ఫైనల్స్‌కి ముందు మెట్టు) లేకర్స్ మీద ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్ళింది. ఆరో మ్యాచ్ చివరి క్వార్టర్‌లో లేకర్స్‌కి 27 ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్లు) ఇచ్చారు, ఇప్పటికీ ఇక్కడ ఏ గ్రోసరీ షాపులో ఆ మాట ఎత్తినా రిఫరీలకి శాపనార్థాలే. కానీ ఏడో మ్యాచ్ మన గ్రౌండ్‌లోనే జరిగింది, 30 ఫ్రీ త్రోలు దొరికితే 14 వదిలేసుకుని ఓవర్‌టైమ్‌లో ఓడారు, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు!

అసలు విషయానికి వస్తా. 2011లో టీమ్ అనహైమ్‌కి వెళ్ళిపోవడం దాదాపు ఖాయం అనుకున్నారు, ఏప్రిల్ 13న లేకర్స్‌తో ఆడినదే ఊళ్ళో ఆఖరి మ్యాచ్ అనుకుని జనం మ్యాచ్ అయిపోయాక కూడా సీట్లలోంచి లేవలేదు, టీవీలో కామెంటరీ చెప్పేవాళ్ళే ఏడ్చేశారు. ఆ గండం గడిచింది అనుకుంటే 2013లో సియాటెల్ వాళ్ళు వచ్చారు. వాళ్ళనీ తప్పు పట్టలేం, 2008లో వాళ్ళ ఎన్‌బీఏ టీమ్ సోనిక్స్‌ని ఓక్లహామా సిటీకి ఎత్తుకుపోయారు. అప్పటి ఓనర్లు అమ్మకానికి ఒప్పేసుకున్నారు కూడా. ఇక్కడ మేయర్ కెవిన్ జాన్సన్, ఆయనా పాత ఎన్‌బీఏ ప్లేయరే, కొనేవాళ్ళని వెతుకుతుంటే జనం సిటీ కౌన్సిల్ మీటింగులకి టీమ్ రంగైన ఊదారంగు చొక్కాలేసుకుని వెళ్ళి కూర్చున్నారు, టీమ్ ఓడుతున్న రోజుల్లో కూడా సీజన్ టికెట్లు కొంటామని మాటిచ్చారు. చివరికి లీగ్‌లోని టీమ్‌ల ఓనర్లు 22-8 ఓట్లతో సియాటెల్ ప్లాన్‌ని కొట్టేశారు. రణదివే గారి గ్రూప్ కొన్నది ఆ తర్వాత. ఇంకోటి, 2016లో తెరిచిన కొత్త స్టేడియం గోల్డెన్ వన్ సెంటర్‌కి సిటీ 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది, ఎక్కువ భాగం పార్కింగ్ ఆదాయం చూపించి తెచ్చిన అప్పే. అంటే డౌన్‌టౌన్‌లో కారు పెట్టి మనం మీటర్‌లో వేసే డబ్బులన్నమాట. ఇంత ఉండగా "ఆయన కాపాడారు" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా?

ఆయన హయాంలో అన్నీ మంచే జరిగాయా అంటే అదీ లేదు. 2018 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే రోజు) రెండో నంబర్ చేతిలో ఉండి, తర్వాత పెద్ద స్టార్ అయిన లూకా డాన్చిచ్‌ని వదిలేశారు. వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే మ్యాచ్‌లు) మొహం చూడలేదు, అందులో కొన్ని పాత ఓనర్ల ఖాతాలోవి లెండి. 2023లో వెళ్తే మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో వారియర్స్ స్టార్ స్టెఫ్ కరీ ఒక్కడే 50 పాయింట్లు కొట్టి ఇంటికి పంపాడు. ఆ టీమ్‌ని నడిపిన కోచ్‌ని 2024 డిసెంబర్‌లో తీసేశారు, నెల దాటగానే స్టార్ ప్లేయర్ ఫాక్స్‌ని కూడా శాన్ ఆంటోనియోకి ఇచ్చేశారు. 2019లో టీమ్‌ని ముంబై తీసుకెళ్ళి ఇండియానా పేసర్స్‌తో ఆడించడం మాత్రం మెచ్చుకోవాలి, రెండు మ్యాచ్‌లూ ఓడారనుకోండి.

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళా. ఆయనకి కబడ్డీ, వాలీబాల్ తప్ప ఏదీ ఆనదు. ఆఖరి రెండు నిమిషాలు ఫౌళ్ళు, టైమ్ ఔట్‌లతో పావుగంట పైన సాగేసరికి "ఏంట్రా, గడియారానికి జబ్బు చేసిందా" అన్నారు, కానీ గెలిచాక బటన్ నొక్కి స్టేడియం పైనుంచి ఆకాశంలోకి ఊదారంగు లేజర్ వదిలారు చూడండి, బయటికొచ్చి మెడ ఎత్తి అలాగే నిలబడిపోయారు, ట్రైన్ మిస్సయ్యాం. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి చెప్పేదొకటే, లేకర్స్, వారియర్స్ వచ్చే రోజు టికెట్ కొనకండి, రేటు మండిపోద్ది, వారం మధ్యలో పెద్దగా పేరులేని టీమ్ వచ్చినప్పుడు వెళ్ళండి. ఫోల్సమ్ నుంచి లైట్ రైల్ ఉంది, కాకపోతే తిరుగు ట్రైన్ టైమ్ ముందే చూసుకోండి.

ఈసారి కింగ్స్ గురించి వేసేటప్పుడు ఓనర్ ఫొటో పక్కన ఆ 22-8 ఓటు సంగతీ, సిటీ పెట్టిన డబ్బు సంగతీ కూడా నాలుగు లైన్లు రాయండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు
ఫోల్సమ్, కాలిఫోర్నియా