‘హుకూమా’లో తప్పుంది అంటే ఆర్డర్ నంబర్ అడిగారు

విషయం: మీ అరబీ పాఠంలోని ‘హుకూమా’ అనే మాట. ఐదోసారి రాస్తున్నాను.

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారం. నా మొదటి నాలుగు ఉత్తరాలు మీరు చదవలేదని నాకు తెలుసు. చదివి ఉంటే నాలుగింటికీ "మీ సమస్య పరిష్కారమైంది, ఐదు స్టార్లు ఇవ్వండి" అనే ఒకే జవాబు వచ్చేది కాదు.

తప్పు చిన్నదే. ప్రభుత్వానికి అరబీ మాట ‘హుకూమా’ అని సరిగ్గానే చెప్పి, పక్కన పుంలింగం అని వేశారు. అది స్త్రీలింగం, కాబట్టి దాని తర్వాత వచ్చే ‘కొత్త’ కూడా స్త్రీలింగంలో ‘జదీదా’ కావాలి, పుంలింగంలోని ‘జదీద్’ కాదు. ‘కొత్త ప్రభుత్వం’ అని రాయమంటే ‘అల్ హుకూమా అల్ జదీదా’ అని రాశాను. కాదు, ‘అల్ జదీద్’ అనాలంటూ మీ యాప్ ఎర్రగీత కొట్టింది. బహువచనం ‘అహ్కామ్’ అట! అది ‘హుక్మ్’కు బహువచనం, అంటే తీర్పులు. హుకూమాకు ‘హుకూమాత్’. దిద్దడానికి పది నిమిషాలు పట్టదు.

మొదట ఫోనెత్తిన అబ్బాయికి ‘హుకూమా’ అన్నాను. "హుకుం అంటే ఆర్డర్ కదా సార్, మీ ఆర్డర్ నంబర్ చెప్పండి" అన్నాడు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి కాబట్టి ఆ అబ్బాయిని పూర్తిగా తప్పు పట్టలేను. నిజానికి మీ యాప్ కంటే అతనే నయం.

రెండోసారి ఒక మేడమ్. "ప్రభుత్వానికి ఆడా మగా ఏంటి సార్?" అన్నారు. తెలుగులో లేదు మేడమ్, అరబీలో ఉంటుంది, చివర రెండు చుక్కల గుండ్రటి అక్షరం, తా మర్బూతా, ఉంటే చాలావరకు స్త్రీలింగమే (ఖలీఫా లాంటివి వేరు) అని ఓపికగా చెప్పాను. వెనక ఇంకో పేరు వస్తే అందులోని ‘త’ బయటికి వినిపిస్తుందనీ, అందుకే ఇక్కడ దుబాయ్‌లో ప్రభుత్వాన్ని ‘హుకూమత్ దుబై’ అంటారనీ కూడా చెప్పాను. అంతా విని, "యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి" అన్నారు. చేశాను. హుకూమా మగవాడిగానే తిరిగొచ్చాడు. రోజూ విడవకుండా చదివిన నా 212 రోజుల లెక్క, అదే స్ట్రీక్, మాత్రం పోయింది.

మూడోసారి ఉర్దూ విభాగానికి కలిపారు. "మా హుకూమత్ కూడా స్త్రీలింగమే భాయ్, నయీ హుకూమత్ అంటాం. కానీ అరబీ మా డిపార్ట్‌మెంట్ కాదు" అన్నాడాయన. మీ కంపెనీలో విషయం తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆ ఫోనూ కట్ చేశారు.

తర్వాత మీ ‘నిపుణుల బృందం’ రంగంలోకి దిగి, హుకూమా తీసేసి ‘హౌకమా’ అని పెట్టింది! హౌకమా అంటే పాలన సాగే పద్ధతి. ఈమధ్య పుట్టించిన మాట. సంస్థల నిర్వహణ, జవాబుదారీతనం గురించి చెప్పేటప్పుడు వాడతారు. దాన్ని తెచ్చి ‘కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది’ అనే వాక్యంలో ఇరికించారు. అదీ స్త్రీలింగమే, మీరు మళ్ళీ పుంలింగమనే వేశారు. ఆ మాట అర్థం పాఠంలో కంటే మీ ఆఫీసులో ఎక్కువ అవసరం.

నేను దుబాయ్‌లోని దేరా ప్రాంతంలో టైపింగ్ సెంటర్లో పని చేస్తాను. అర్జీలు అరబీలో కొట్టడమే నా బువ్వ. మీ పాఠం నమ్మి ‘అల్ జదీద్’ అని కొడితే మా సేఠ్ అందరిముందూ కాగితం చించేశాడు. మూడేళ్ళుగా చందా కడుతున్నాను. రూములో ఏడుగురిని నేనే చేర్పించాను. "ఏందన్నా, నీ యాప్‌ల సర్కారు మగోడా?" అని ఇప్పుడు వాళ్ళే నవ్వుతున్నారు.

చందా వాపసిస్తారో, ఏడాది ఊరికే ఇస్తారో మీ ఇష్టం. అంతకంటే ముందు ఒక మనిషి ఫోన్ చేసి "తప్పు మాదే" అనాలి. లేదంటే ఇండియాలోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. డబ్బు కట్టింది మా తమ్ముడి ఖాతా నుంచి, వాడుండేది జగిత్యాలలో. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారుడు తానుండే చోటు ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుందో అందులోనే కేసు వేయొచ్చు. మీ నిపుణుల బృందం మా వైపు దాకా రావాల్సి ఉంటుంది.

ఫోన్ చేసేవాళ్ళు దయచేసి ఆర్డర్ నంబర్ అడగొద్దు.

ఇట్లు,
ఇప్పటికింకా మీ కస్టమర్‌నే,
దేరా, దుబాయ్