అమ్మ ఇంటికొచ్చింది, ఎవరెవరికి థాంక్స్ చెప్పాలో రాస్తున్నాను

అమ్మకి మొదటి విడత కీమో అయిపోయి, రక్తకణాల కౌంట్లు పెరిగి, మొన్న ఇంటికి పంపించారు. మళ్ళీ చేసిన ఎముక మూలుగ పరీక్షలో రెమిషన్ వచ్చిందన్నారు, అంటే క్యాన్సర్ కణాలు దాదాపు కనిపించట్లేదని. ఇంకా విడతలున్నాయి కాబట్టి గండం గడిచిందని అనట్లేదు, కానీ ఈ గ్యాప్‌లో చెప్పుకోకపోతే మళ్ళీ హడావుడిలో పడిపోతాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దామని చూస్తే సగం నంబర్లు నా ఫోన్లో "ప్లేట్‌లెట్ బి పాజిటివ్ 2", "హాస్టల్ తమ్ముడు" అని ఉన్నాయి. పేర్లే తెలియవు. అందుకే ఇలా అందరికీ కలిపి.

ముందు ఆ ప్లేట్‌లెట్ దాతలకే. అమ్మది ఏఎంఎల్ అనే రకం బ్లడ్ క్యాన్సర్. 7 రోజులు ఒక మందు, అందులో 3 రోజులు ఇంకో మందు కూడా కలిపి ఎక్కిస్తారు, చెడ్డ కణాలతో పాటు మంచివీ పోతాయి, మామూలుగా లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 10 వేల కిందికి పడిపోయి చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది. మూలుగ తేరుకునేదాకా బయటి నుంచి ఎక్కిస్తూనే ఉండాలి, ముందే తెచ్చి దాచుకుందామంటే 5 రోజులకి మించి నిల్వ ఉండవు. ఒకే మనిషి నుంచి మెషీన్ మీద తీసేదాన్ని ఎస్‌డీపీ అంటారు, దానికి శాంపిల్ ఇచ్చి, రిపోర్టులు వచ్చేదాకా కూర్చుని, ఆ తర్వాత ఇంకో గంటకు పైగా సూదితో పడుకోవాలి. రైడ్లు ఆపుకుని వచ్చిన బైక్ టాక్సీ అన్నా, మీరు పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. నరం సన్నగా ఉందని వెనక్కి పంపేస్తే గంటలో రూమ్మేట్‌ని పట్టుకొచ్చిన తమ్ముడూ, నిన్ను మర్చిపోను. ఆ రూమ్మేట్ మధ్యలో "అక్కా, పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి" అంటే నాకు కాళ్ళు చేతులు ఆడలేదు, సిస్టర్ వచ్చి కాల్షియం బిళ్ళ ఇచ్చి అది మామూలేనంది, తనేమో నవ్వుతూ రీల్స్ చూసుకుంటున్నాడు.

వార్డులో సిస్టర్లకి. ఎర్ర మందు ఎక్కించే ముందే "యూరిన్ ఎర్రగా వస్తుందమ్మా, రక్తం కాదు, మందు రంగు" అని అమ్మకి రెండుసార్లు చెప్పారు. చెప్పకపోయుంటే ఆ రాత్రి నాన్న ఆసుపత్రి మొత్తాన్ని లేపేవారు.

ఇక మా బుడ్డోడి సంగతి. వాడికి మూడేళ్ళు. ప్లేస్కూలుకి వెళ్ళే పిల్లాడికి ముక్కు కారని వారం ఉండదు, అమ్మకేమో తెల్లకణాలు దాదాపు సున్నా. మా ఆయనది నైట్ షిఫ్ట్. "ఏదైనా అవసరమైతే చెప్పమ్మా" అన్నవాళ్ళు చాలామంది, వాళ్ళని తప్పుపట్టను, కానీ ఆ టైంలో ఏం అవసరమో ఆలోచించే ఓపిక కూడా ఉండదు. కింది పోర్షన్ ఆంటీ అలా అడగలేదు. "పొద్దున్నే వాడిని కిందికి దింపెయ్, స్నానం కూడా నేనే పోస్తా" అన్నారు, అంతే. వాడి నుంచి నాకు దగ్గు అంటుకుంటే అది అమ్మకి చేరుతుందని, వాడికి జలుబు చేసిన రోజుల్లో రాత్రిళ్ళు కూడా తన దగ్గరే పడుకోబెట్టుకున్నారు. ఆంటీ, మీ చేతి పప్పుచారు అలవాటై ఇప్పుడు నేను చేసింది తినట్లేదు, ఆ బాధ్యత మీదే.

వాడి పిల్లల డాక్టరుగారికి కూడా. పల్స్ పోలియో ఆదివారం దగ్గర పడుతోందనగా మాటల్లో అమ్మ విషయం విని, చుక్కలు వద్దు, ఇంజెక్షన్ వేద్దాం అన్నారు. చుక్కల్లో ఉండేది బలహీనం చేసిన బతికున్న వైరస్సేనట, పిల్లల విరేచనాల్లో కొన్ని వారాల పాటు బయటికి వస్తుంటుందట, ఇంట్లో రోగనిరోధక శక్తి పడిపోయిన మనిషి ఉంటే అది మంచిది కాదట. నాకు ఈ సంగతి అప్పటిదాకా అస్సలు తెలియదు. ఇలాంటి ఇల్లు మీదీ అయితే మీ డాక్టరుని ఒకసారి అడగండి.

నాన్న ఇన్నాళ్ళు హైదరాబాదులో ఉండగలిగారంటే అది ఊళ్ళోవాళ్ళ చలవ. ఖమ్మం దగ్గర మాది మిరప తోట. సరిగ్గా కోతల టైం, కూలీలు దొరకని టైం. పెదనాన్న, పక్క చేను బాబాయి వాళ్ళు తమ కోతకి పెట్టుకున్న కూలీలనే మా చేలోకీ తోలి, కల్లంలో ఆరబోసి, తాలు ఏరించి, బస్తాలు మార్కెట్ యార్డుకి వేసి, అమ్మకం పట్టీ (రసీదు) ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఆ ఫొటో చూసి నాన్న మొదటిసారి కడుపునిండా తిన్నారు. పిన్నీ, వాళ్ళందరికీ కల్లం దగ్గర వండిపెట్టింది నువ్వేనని నాకు తెలుసు.

ఆరోగ్యశ్రీ కౌంటర్లో ఉన్న ఆరోగ్యమిత్ర తమ్ముడికి కూడా థాంక్స్, కార్డులో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే విసుక్కోకుండా ఏ కాగితం ఎక్కడ తేవాలో రాసిచ్చాడు. మా టీమ్ లీడ్‌కి, ఆఫీసులో నా పని పంచుకున్నవాళ్ళకి విడిగా చెప్తాను.

అమ్మకి జుట్టంతా పోయింది. వాడు చూసి భయపడతాడని నేను టెన్షన్ పడ్డాను. వాడు గుమ్మం దగ్గర నిలబడి, మాస్కు కిందికి లాగి, "అమ్మమ్మా, తిరుపతి వెళ్ళొచ్చావా? లడ్డూ ఏది?" అన్నాడు. అమ్మ అంతలా నవ్వడం చూసి చాలా రోజులైంది.

తర్వాతి విడతల్లో కూడా కౌంట్లు పడతాయన్నారు, కాబట్టి బి పాజిటివ్ వాళ్ళు నా నంబరు డిలీట్ చేయకండి.

ఇంకో మాట. మా వంటింటి నిండా మీ క్యారియర్లే. మూత మీద పేరు చెక్కించిన స్టీలు గిన్నెలు ఎవరివో తెలిసిపోయాయి. నీలం మూత హాట్‌ప్యాక్, నాలుగు గిన్నెల క్యారియర్, హ్యాండిల్ ఊడిన ఒక టీ ఫ్లాస్క్ ఎవరివో చెప్పండి, మా ఆయన తెచ్చిస్తారు. ఖాళీ గిన్నెలు ఇవ్వకూడదని అమ్మ పట్టుబట్టింది, అందుకే కొంచెం లేటవుతుంది.