వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా బ్రహ్మకమలమే

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కార్యక్రమాలన్నీ దాదాపు ఒక్క మొక్క చుట్టూనే తిరిగాయి. అది హిమాలయాల్లో సుమారు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తున రాళ్ల మధ్య, పచ్చిక వాలుల్లో పెరిగే బ్రహ్మకమలం. శాస్త్రీయ నామం సాసూరియా ఓబ్వల్లాటా. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. పేరుకే కమలం, కుటుంబం మాత్రం చేమంతిదీ పొద్దుతిరుగుడుదీ. మన ఇళ్లలో బ్రహ్మకమలం పేరుతో రాత్రిపూట పూసేది వేరే మొక్క, అమెరికా ఖండపు కాక్టస్ జాతిది. మొదటి సమావేశం సగం ఈ వాదనకే సరిపోయింది!

ఆగస్టు చివర్లో ఉత్తరాఖండ్‌లోని గోవింద్‌ఘాట్ మీదుగా ఘాంఘరియా గ్రామం చేరాం. దాని దగ్గర్లోని పూల లోయ జాతీయ ఉద్యానంలో రాత్రి బసకు అనుమతి లేదు కాబట్టి సాయంత్రానికి వెనక్కి వచ్చేయాలి. లోయలోనే కనబడుతుందని ఆశపడ్డవాళ్లు కాస్త నిరాశపడ్డారు. మర్నాడు కొండపైని హేమకుండ్ సరస్సుకు వెళ్లే దారిలో, ఎక్కి ఎక్కి కాళ్లు పీకుతున్న చోట, బండల పక్కన గుంపుగా కనబడింది.

దూరానికి తెల్లటి పెద్ద పువ్వులా ఉంటుంది గానీ ఆ రేకులు రేకులు కావు. పసుపుపచ్చ ఛాయలో, తడిసిన కాగితంలా పలచగా ఉన్న పత్రాలు దొన్నెల్లా వంగి పైన మూసుకుంటాయి. అసలు పువ్వులు లోపల, ముదురు ఊదా రంగులో, చిన్న చిన్న గుత్తులుగా ఉంటాయి. ఆ పైకప్పు వానకు పుప్పొడి తడవకుండా కాస్తుంది, ఎండ వేళ లోపల వెచ్చదనం నిలుపుతుంది. ఓ బొద్దు తుమ్మెద పత్రాల సందులోంచి దూరి, బయటికి రావడానికి చాలాసేపే తీసుకుంది.

కేదార్‌నాథ్, బదరీనాథ్, నందాదేవి పూజల్లో ఈ పువ్వుది పెద్ద పీట. దేవుడికి పెట్టే నాలుగు పువ్వుల మీద కార్యవర్గానికి అభ్యంతరం లేదు. అయితే విత్తనం పట్టకముందే సంచుల కొద్దీ కోస్తే మరుసటి తరం మొక్కలు ఎక్కడినుంచి వస్తాయి? విత్తనం గాలికి ఎగిరి వెళ్లేది, పువ్వు కొండమీద ఎండితేనే. దీని దగ్గరి చుట్టం కుష్ఠు మొక్కను వేర్ల కోసం తవ్వీ తవ్వీ, అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చాల్సిన దాకా తెచ్చారు. అందుకే మన పుష్ప ప్రదర్శనలో ఎండిన బ్రహ్మకమలాలను ఇకపై అనుమతించం, ఫొటోలు మాత్రమే. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, వారి అసమ్మతిని మినిట్స్‌లో రాశాం.

జమాఖర్చుల ఆడిట్ పూర్తయింది, చందా పెంచడం లేదు.

వచ్చే యాత్ర సెప్టెంబరు మొదట్లో. హేమకుండ్ ఎక్కుడు నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు ముందే చెబితే కంచరగాడిదలు మాట్లాడి పెడతాం.

కార్యదర్శి