పది తప్పినవాళ్లను కూడా పిలిచినవాడు

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతి వారంలో మీ జిల్లా పేజీల నిండా పూర్వ విద్యార్థుల సమ్మేళనాల ఫొటోలే. ఒక ఫ్లెక్సీ, దాని ముందు కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న మాస్టార్లు, వెనక మూడు వరసల్లో తలలు. ఏటా అందులో మా బ్యాచ్ ఫొటో కూడా ఉండేది. ఈ ఏడు లేదు. మమ్మల్ని పోగేసేవాడు మొన్న కార్తీకంలో గుండెపోటుతో పోయాడు. పేపర్లో పేరు వద్దని వాళ్ల ఇంటావిడ అన్నారు కాబట్టి మిత్రుడనే రాస్తాను.

టెక్కలి డివిజన్‌లో ఓ జిల్లా పరిషత్ హైస్కూలు మాది. 1988 మార్చిలో పది రాశాం. మిత్రుడికి ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా చిన్న జిరాక్సు షాపు ఉండేది. 2009లో మాలో ఇద్దరు ముగ్గురం ఉద్యోగస్తులం కలిసి గెట్ టుగెదర్ పెడదామని, పాసైనవాళ్ల పేర్లు గుర్తు చేసుకుంటూ ఆ షాపులోనే కూర్చుని రాశాం. 19 పేర్లొచ్చాయి. వాడు ఆ కాగితం చూసి, "ఆరో తరగతిలో మనం అరవై రెండు మందిమి కదరా. మిగతావాళ్లు వేరే బడిలో చదివారేటి?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. పది పాసవడమే బడిలో చదివినట్టని మేం అనుకున్నామని అప్పటిదాకా మాకే తెలీదు.

మర్నాడు వాడు బడికెళ్లి హెడ్మాస్టరు గారిని బతిమాలి, ఆఫీసు గదిలో స్టూలు మీద కూర్చుని 1983 జూన్ అడ్మిషన్ రిజిస్టర్ మొత్తం రాసుకున్నాడు. అడ్మిషన్ నంబరు, ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ. రెండు శనివారాలు పట్టింది. వాడు రాసుకున్నది కిరాణా షాపుల్లో పద్దులు రాసుకునే పొడవాటి పుస్తకంలో, దానికి ఎర్ర అంచు. పేరు, ఊరు పెన్నుతోనూ, ఫోన్ నంబరు పెన్సిల్‌తోనూ రాసేవాడు. "నంబర్లు మారిపోతాయిరా, నాన్న పేరు మారదు" అనేవాడు. కొన్నిచోట్ల రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగిపోతే, ఆ చిరుగు వెనక టేపు అంటించి మళ్లీ రాశాడు.

మగపిల్లల్ని పట్టుకోవడం తేలికే. ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు. ఆడపిల్లలకు పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. కన్నవారి ఊళ్లో అమ్మవారి సంబరానికి వస్తారు కదా, అప్పుడు వెళ్లేవాడు, బండి వెనకాల ఇంటావిణ్ని కూర్చోబెట్టుకుని. ఒంటరిగా వెళ్లి "మీ కోడలు నా క్లాసుమేటు" అంటే ఏ అత్తగారు ఊరుకుంటుంది? "ఎవులు బావూ నువ్వు?" అని గుమ్మంలోనే ఆపేసిన చోట్ల కూడా, ఆవిడ లోపలికెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడి నంబరుతో వచ్చేదట.

ఆ పుస్తకం ఎందుకని నేను కూడా ఎగతాళి చేశాను. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచెయ్యలేదు, గ్రూపు మూగబోయింది. ఉద్దానంలో మావాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు, ఎక్కువమంది అక్కడికి కోడళ్లుగా వెళ్లిన ఆడపిల్లలు. వాడు పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టుకుని, దారికడ్డంగా పడిన కొబ్బరిచెట్లను తప్పించుకుంటూ మందస, వజ్రపుకొత్తూరు వైపు బండి మీద తిరిగాడు. ఫోన్ నంబర్లు ఒక్కటీ అక్కరకు రాలేదు. "రామాలయం వెనక సందు, జీడిచెట్టు ఇల్లు" అని వాడు రాసుకున్న గుర్తులే దారి చూపించాయి. ఆ జీడిచెట్టు కూడా పడిపోయిందట, పడిన చెట్టును బట్టి ఇల్లు గుర్తుపట్టానన్నాడు.

సోంపేటలో డయాలసిస్‌కి వెళ్లే ఇద్దరి పేర్ల పక్కన ఆ పుస్తకంలో వారాలు రాసి ఉన్నాయి. ఆ రోజుల్లో వాళ్లకు ఫోన్ చెయ్యకూడదని.

మా సమ్మేళనం ఎప్పుడూ కనుమ నాడే. చెన్నై, హైదరాబాద్ కూలిపనులకు వెళ్లినవాళ్లు ఊళ్లో ఉండేది ఆ రెండు మూడు రోజులే కాబట్టి. మొదటి ఏడాది ఒకతను లుంగీతో వచ్చి గేటు బయట నిలబడిపోయాడు. ఏడుతో మానేసి గుజరాత్‌లోని వేరావల్‌కి, చేపల బోట్ల మీదికి వెళ్లినవాడు. లోపలికి రమ్మంటే, "నాకు బడి అచ్చిరాలేదురా, నానెందుకు" అన్నాడు. మైకులో పిలుద్దామని మాలో ఒకరన్నారు. మిత్రుడు మైకు ఆపించి, భోజనాల బల్ల ఒకటి గేటు దగ్గరికి మోయించాడు. అక్కడే ఆకు వేసి ఇద్దరూ తిన్నారు. మరుసటి ఏడు అతను తనంతట తనే లోపలికొచ్చాడు, ఆ ఊరి నుంచి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని.

ఆ బోటు మనిషి సంగతే చెప్పాలి. ఆధార్ తీసినప్పుడు పుట్టిన తేదీ చెప్పలేకపోతే జనవరి 1 అని వేశారు, ఏడాది కూడా తప్పే, అసలు వయసు కన్నా నాలుగేళ్లు తక్కువ పడింది. మత్స్యకారులకు 50 ఏళ్లకే పింఛను ఉంది, కానీ కార్డు ప్రకారం ఇతనికి యాభై రాలేదు. పది సర్టిఫికెట్ లేదు. ఆ కాలంలో మా పల్లెల్లో పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? మిగిలిన ఆధారం బడి రిజిస్టర్ ఒక్కటే. మిత్రుడి పుస్తకంలో అడ్మిషన్ నంబరు ఉంది కాబట్టి హెడ్మాస్టరు గారు వెంటనే పేజీ తీసి, పుట్టిన తేదీ ధ్రువీకరించి సంతకం చేసిచ్చారు.

అందరికీ అలా జరగదు. మా బంధువు ఒకాయన హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు, పీఎఫ్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. తాను చదివిన బడికి మూడుసార్లు తిరిగితే, ఆ ఏళ్ల రిజిస్టర్ చెదలు తినేసింది, రాసివ్వడానికి ఏమీ లేదన్నారు. ఏ బడో రాయను. అలాంటివి ఇంకా ఉంటాయి, అక్కడివాళ్లకే తెలుసు.

అడ్మిషన్ రిజిస్టర్ శాశ్వత రికార్డు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల విద్యాశాఖాధికారులను నేను కోరేది పెద్ద పనేం కాదు. పాత రిజిస్టర్లను పేజీ పేజీ స్కాన్ చేయించి, ఒక ప్రతి మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో పెట్టించండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలోంచి పాలకొండ ఒకవైపు, రాజాం ఒకవైపు వెళ్లాయి. ఇప్పుడు అక్కడి పాత విద్యార్థికి ఏ జిల్లా ఆఫీసుకెళ్లాలో సందేహం. మండలంలోనే కాపీ ఉంటే ఆ తిప్పలు తగ్గుతాయి. పూర్వ విద్యార్థుల సంఘాలకూ ఒక మాట. బడికి ఆర్చి కట్టిస్తున్నారు, రంగులు వేయిస్తున్నారు, సంతోషం. ఒక ఇనుప బీరువా కూడా కొనండి. ఆర్చి ఖర్చు ముందు అదెంత? సంఘంలో సభ్యుల్ని చేర్చుకునేటప్పుడు పది పాసైనవారి జాబితా పక్కన పెట్టి, ఆరులో చేరినవారి జాబితా తీయండి.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. పదో రోజు కార్యం అయ్యాక వాళ్లావిడ తెచ్చిచ్చారు. నాకు వాడంత ఓపిక లేదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అరవై రెండు పేర్లలో నలుగురి ఎదురుగా పెన్సిల్ గీత కూడా లేదు. ఒకమ్మాయి ఎనిమిదిలో ఉండగా పలాస జీడిపప్పు పనికి వెళ్లింది, ఆ తర్వాత ఎక్కడుందో తెలీదు. ఇద్దరు అన్నదమ్ములు కుటుంబంతో చెన్నై వైపు వెళ్లారు. ఇంకొకతని గురించి వాడు "అడగాలి" అని మాత్రం రాసుకున్నాడు, ఎవర్ని అడగాలో రాయలేదు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, లేదా చదివినవాళ్లు ఎవరైనా వాళ్లకు చెప్తే, 1983లో ఆరులో చేరిన బడికి ఒక కార్డు ముక్క రాయండి. హెడ్మాస్టరు గారు నాకు అందిస్తామన్నారు. వచ్చే కనుమకు ఇంకా టైముంది.

ఇట్లు,
1988 పదో తరగతి బ్యాచ్‌లో ఒకడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా