నాగసాకి మెట్ల మీద నుంచి అమ్మ

చి. నానీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా, మీ నాన్నగారి మోకాలు తప్ప.

ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకునేవు, అదేం కాదు. నిన్న నాగసాకి చూసొచ్చాం. రిటైరైనా సోషల్ టీచర్నే కదా, ఎవరికో ఒకరికి పాఠం చెప్పందే తోచదు. ఈ కాగితాలు ఫోటో తీసి నీకు పంపుతానంది చిట్టి. నీతో మాట్లాడి పంతొమ్మిది రోజులైంది. లెక్కపెట్టుకుని కూర్చోలేదులే, క్యాలెండర్ ఎదురుగానే ఉంది.

ఫుకువోకాలో పొద్దున్నే బయల్దేరాం. టకేవో ఒన్సెన్‌లో దిగి అదే ప్లాట్‌ఫారం మీద అవతలివైపు బుల్లెట్ రైలెక్కాలి. మీ నాన్నగారు పావుగంట ముందునుంచే తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఖాజీపేటలో జరిగింది ఆయన జన్మలో మరిచిపోరు.

ముందు దెజిమాకి నడిచాం. 1636లో సముద్రంలో మట్టి పోసి కట్టిన లంక, విసనకర్ర ఆకారం. పోర్చుగీసు వాళ్ళని అందులో పెట్టి, తర్వాత వాళ్ళని వెళ్ళగొట్టి, 1641లో డచ్చివాళ్ళని తెచ్చి కూర్చోబెట్టారు. ఒకటే వంతెన, దానికి కాపలా. సెలవు లేకుండా ఊళ్ళోకి అడుగు పెట్టకూడదు. రెండు వందల ఏళ్ళు పైన అలాగే వర్తకం చేసుకున్నారు పాపం. ఇప్పుడు చుట్టూ సముద్రం పూడ్చేసి రోడ్లేశారు, ఒక పక్క కాలవ మిగిలింది. ఇళ్ళు మాత్రం మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టారు. కింద చాపలు, గోడలకి పూల కాగితం, మధ్యలో ఎత్తు కుర్చీలు. చెప్పులు విప్పి లోపలికెళ్ళాలి.

మనం వలందపాలెం అంటాం చూడూ, ఆ వలందులే ఈ డచ్చివాళ్ళు. ఇక్కడివాళ్ళు ఓరండా అన్నారు. కొండ మీదికి పోయే ఒక రాళ్ళ బాటని ఇప్పటికీ ఓరండా జకా అనే పిలుస్తారు. బందరులో పుట్టి పెరిగినదాన్ని, ఇంత దూరమొచ్చి మా పేట పేరు వింటాననుకోలేదు. మన తీరం అద్దకం బట్టలు డచ్చి ఓడల్లో బటావియా, అంటే ఇప్పటి జకార్తా మీదుగా ఇక్కడికొచ్చేవి. వీళ్ళు వాటిని సరసా అంటారు. అంత అపురూపమట, చిన్న ముక్క దొరికినా టీపొడి డబ్బాకి సంచీ కుట్టుకునేవారు. పెడన అత్తయ్య చిరివేరు ఎరుపు గురించి చెబుతుంటే నువ్వు ఆవలించేవాడివి, గుర్తుందా? బదులుగా ఇక్కడి రాగి కడ్డీలు మన వైపు వచ్చేవి. అమ్మమ్మ రాగి బిందెలో ఏ నాగసాకి రాగి కలిసిందో! ఆ బిందె నీ బాల్కనీలో మొక్కకి కుండీ చేశావని విన్నాను. విన్నవి ఇంకా కొన్ని ఉన్నాయి, తర్వాత.

కళ్ళజోడు వంతెన కూడా చూశాం. 1634 నాటిది, రెండు రాతి కమానుల నీడ నీళ్ళలో పడితే అచ్చం కళ్ళజోడే. 1982 వరదల్లో చాలా రాళ్ళు కొట్టుకుపోతే ఏరి తెచ్చి మళ్ళీ పేర్చారట. ఏటి పొడుగునా అజిసై పూలు, నీలం గుత్తులు. సన్నగా తుంపర. నీ గొడుగు మన అల్మారాలోనే ఉండిపోయింది, అక్కడ వానలు మొదలయ్యాయిగా, కొత్తది కొనుక్కున్నావా?

ఆ పూల కథ చెప్పాలి. సీబోల్ట్ అని ఒక జర్మను డాక్టరు, 1823లో దెజిమాకి వచ్చాడు. ఊళ్ళో వైద్యం చెప్పుకోనిచ్చారు, నరుతాకిలో బడి పెట్టాడు. తాకి అనే అమ్మాయితో కాపురం, 1827లో కూతురు ఇనె పుట్టింది. తర్వాత జపాను పటాలు దాచాడని పట్టుబడ్డాడు. బయటివాళ్ళకి పటం ఇవ్వడం పెద్ద నేరం. ఇచ్చిన పెద్దమనిషి జైల్లోనే పోయాడు, ఇతన్ని 1829లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. అప్పటికి పిల్లకి రెండున్నరేళ్ళు. ఒక అజిసై పువ్వుకి ఒటక్సా అని పేరు పెట్టుకున్నాడు, ఒతాకి సాన్, అంటే తాకి గారు అన్నమాట. నరుతాకి మ్యూజియంలో ఒక డబ్బా చూశాను, అరచేతిలో పట్టేంత. ముత్యపుచిప్ప తాపడంతో ఒకవైపు తాకి బొమ్మ, ఒకవైపు ఇనె. తాకి చేయించి ఆయనకి పంపింది. ఓడలొచ్చేది ఏడాదికోసారి, ఉత్తరం చేరడానికే ఏడాది పట్టే రోజులు. ఆయన తిరిగొచ్చింది 1859లో. ఇనెకి ముప్ఫై రెండేళ్ళు, తండ్రి శిష్యుల దగ్గర చదువుకుని తనూ డాక్టరైంది.

ఆ డబ్బా దగ్గర నేను చాలాసేపు నిలబడిపోతే అల్లుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నేను నిన్ను తలుచుకుని నిలబడలేదు. నీకు పంపిన మెసేజీల పక్కన నీలం టిక్కులు పడ్డాయి, అంతవరకూ చాలు నాకు.

సరే, వచ్చింది కాబట్టి చెబుతున్నా. హేమ పెళ్ళిలో సుబ్బలక్ష్మొదిన అంది, "మీవాడు ఉద్యోగం మానేశాట్ట కదా" అని. సెలవు పెట్టాడేమో అన్నాను. లడ్డూ గొంతు దిగలేదు. మానేస్తే మానేశావు, నీ చదువుకి ఇంకోటి రాకపోదు. కానీ చేతిలో ఆర్నెల్ల ఖర్చు ఉంచుకోకుండా ఏ పనీ వదలకూడదని మీ తాతయ్య... వద్దు, పాఠం మొదలెట్టేస్తున్నాను. మీ నాన్నగారికి ఇంకా చెప్పలేదు. ఆయన ఎఫ్‌డీ ఒకటి వచ్చే నెల్లో తీరుతోంది, అది ఊరికే చెబుతున్నా.

తిరిగొస్తూ కొండ మెట్లు దిగుతుంటే ఆయన మోకాలు పట్టేసింది. ఇక్కడ వీధులే మెట్లు, ఇంటి ముందుకి కారు రాదు. ఒక ముసలమ్మ కూరల సంచీతో మమ్మల్ని దాటుకుని పైకెళ్ళిపోయింది, ఎనభై దాటి ఉంటాయి. సిగ్గేసి ఈయన లేచారు.

కస్తెరా కేకు ఒక పెట్టె తెస్తున్నాను. అడుగున పంచదార పలుకులు అలాగే కరకరలాడుతుంటాయి. గుడ్డు ఉంది, నేను తిననులే. మీ నాన్నగారు మూడు ముక్కలు తిని బందరు లడ్డూ ముందు దిగదుడుపే అన్నారు, మూడోది నమిలాక.

పై అరలో కందిపొడి సీసా ఉంది చూడు, పురుగు పడుతుంది, ఎండలో పెట్టు. గ్యాసు బుక్ చెయ్యి. మా విమానం శుక్రవారం రాత్రి దిగుతుంది. తాళాలు పక్కింట్లో ఇచ్చి పోకు, నువ్వే ఎయిర్‌పోర్టుకి పట్టుకురా. నేనేం అడగను. ఆయన అడగబోతే మోకాలి సంగతి ఎత్తుతాను.

అమ్మ