వార్షిక నివేదిక: తౌబా, నమాజ్, మన చేతుల్లోని ఫోన్లు

గౌరవనీయ సభ్యులకు, అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

ఈ ఏడాది మన సంఘం చేపట్టిన పనుల్లో చాలా భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: సోషల్ మీడియాలో చేసిన తప్పులకు తౌబా (పశ్చాత్తాపంతో అల్లాహ్ వైపు మరలడం) ఎలా చేసుకోవాలి? గత సర్వసభ్య సమావేశంలో ఈ అంశం ప్రతిపాదనకు వచ్చినప్పుడు, చెప్పుకోవలసిన దీనీ (ధార్మిక) విషయాలు ఇన్ని ఉండగా ఫోన్ల గొడవ మనకెందుకని కొందరు పెద్దలు పెదవి విరిచారు. తీరా తరగతులు మొదలయ్యాక అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది వాళ్లే. కార్యవర్గం తరఫున ఆ వివరాలు మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పత్రాన్ని విడిగా జతచేశాం.

తౌబా నమాజ్ తరగతులు

తొలి తరగతుల్లో తౌబా నమాజ్ విధానం నేర్పించాం. దీనికి ఆధారం ప్రవక్త సహచరుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త ప్రవచనం). అబూ దావూద్, తిర్మిజీ హదీసు సంకలనాల్లో ఉంది. పాపం చేసిన మనిషి చక్కగా వుజూ (నమాజ్‌కు ముందు చేసే శుద్ధి) చేసుకుని, రెండు రకాతుల (నమాజ్‌లోని భాగాల) నమాజ్ చదివి, క్షమాపణ వేడుకుంటే అల్లాహ్ క్షమిస్తాడని దాని సారం. ఆ మాట చెప్పి దైవప్రవక్త (సఅసం) ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా (అధ్యాయం) 135వ ఆయత్ (వాక్యం) పఠించారు. ఈ నమాజ్‌కు ప్రత్యేకించి సూరాలేవీ నిర్ణయించి లేవు. ఫలానా సూరా ఇన్నిసార్లు చదివితేనే తౌబా అంగీకారమవుతుందని, ఈ సందేశాన్ని ఇంతమందికి పంపాలని తిరిగే మెసేజ్‌లను నమ్మవద్దని ఇమామ్ గారు గట్టిగా చెప్పారు. తౌబా పేరుతో మరో తప్పుడు వార్త మోయడమంటే ఇదే!

ఫజ్ర్ (వేకువ నమాజ్) తర్వాత సూర్యోదయం దాకా, అస్ర్ (సాయంత్రపు నమాజ్) తర్వాత సూర్యాస్తమయం దాకా ఈ నమాజ్ చదవవచ్చా అన్న సందేహం వచ్చింది. ఆ వేళల్లో నఫిల్ (విధి కాని, ఐచ్ఛిక) నమాజులు చదవకూడదని హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయ పండితులు అంటారు. కారణం ఉన్న నమాజులకు షాఫయీ సంప్రదాయ పండితులు అనుమతి ఇస్తారు. నమాజ్ వేళ కోసం ఆగవలసి వచ్చినా నాలుకతో ఇస్తిగ్ఫార్ (క్షమాపణ వేడుకోలు) చేసుకోవడానికి మాత్రం ఏ వేళా అడ్డు కాదు. బుఖారీ హదీసు సంకలనంలో షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన సయ్యిదుల్ ఇస్తిగ్ఫార్‌ను (క్షమాపణ ప్రార్థనల్లో శ్రేష్ఠమైనదాన్ని) పిల్లలతో సహా చాలామంది కంఠస్థం చేశారు. అందులో దాసుడు తనకు దక్కిన అనుగ్రహాన్ని, తాను చేసిన పాపాన్ని ఒకే ఊపిరిలో ఒప్పుకుంటాడు.

రెండు రకాతులతో తీరని బాకీ

అసలు చర్చ ఇక్కడ మొదలైంది. తౌబాకు హదీసు పండితుడు ఇమామ్ నవవీ చెప్పిన షరతులు తెలిసినవే: పాపాన్ని మానుకోవాలి, చేసినందుకు కుమిలిపోవాలి, మళ్లీ చేయనని గట్టిగా తీర్మానించుకోవాలి. సాటి మనిషి హక్కు ముడిపడి ఉంటే నాలుగోది కూడా ఉంది. ఆ హక్కు తీర్చాలి, లేదా ఆ మనిషి చేత మాఫీ చేయించుకోవాలి. ఒంటరిగా కూర్చుని చూడరానిది చూసినవాడికి మొదటి మూడు సరిపోతాయి. ఒకరి పరువు తీసే మాట గ్రూపులో పెట్టినవాడికి సరిపోవు. నమాజ్, రోజా, జకాత్‌లతో ప్రళయదినాన హాజరై, ఒకరిని తిట్టినందుకు, మరొకరిపై నింద వేసినందుకు ఆ పుణ్యమంతా వాళ్లకు పంచి ఇచ్చుకుని దివాలా తీసేవాడి గురించి ఇమామ్ ముస్లిమ్ సంకలనంలోని హదీసు చదివినప్పుడు తరగతిలో చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు.

తమ పేర్లు, ఆనవాళ్లు బయటపెట్టకూడదన్న మాట మీద ఇరువైపులా అనుమతి ఇచ్చినందున ఒక ఉదంతం చెబుతున్నాను. ఫలానా వ్యక్తి తన దగ్గర ఇతరులు అమానత్‌గా (నమ్మి అప్పగించి) ఉంచిన సొమ్మును సొంతానికి వాడుకున్నాడని ఒక సభ్యుడు వాయిస్ మెసేజ్ పంపాడు. తర్వాత అది అబద్ధమని తేలింది. ఒకరి వెనక ఉన్న లోపం చెబితే గీబత్, లేనిది అంటగడితే బుహ్తాన్. ఇది రెండోది. ఎన్ని రాత్రులు నమాజ్ చదివినా మనసు కుదుటపడక ఆయన కార్యవర్గం దగ్గరికి వచ్చాడు. మెసేజ్ తొలగించే గడువు ఎప్పుడో దాటిపోయింది. దాటకపోయినా, ఇతరులు పంపుకున్న నకళ్లు చెరిగిపోవు కదా.

సవరణ రాయడానికి కూర్చున్నాం. ఆయన మొదట రాసింది: "నా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించగలరు." పక్కనున్న పెద్దాయన కాగితం తీసుకుని "ఉంటే" అన్న మాట కింద గీత గీశారు. నొచ్చుకున్న మనిషి ఎవరో తెలిసి కూడా ఈ "ఉంటే" ఎందుకు అని అడిగారు. రెండోసారి రాసిన దాంట్లో నింద మొత్తం మళ్లీ వివరంగా వచ్చింది. మొదటి మెసేజ్ విననివారికి కూడా అది తెలిసిపోయేది. దాన్నీ కొట్టేశాం. చివరికి గ్రూపులో పెట్టింది ఇది: "మొన్న నేను పంపిన వాయిస్ మెసేజ్‌లో ఉన్నది అబద్ధం. విచారించకుండా పంపాను. మీరు దాన్ని ఎవరికైనా పంపి ఉంటే ఈ మాట కూడా వాళ్లకు చేర్చండి." ఆ తర్వాత ఆయన బాధితుడి ఇంటికి ఒంటరిగా వెళ్లాడు. మాఫీ దొరికిందా లేదా అని మేం అడగలేదు. అది వారిద్దరి మధ్య సంగతి.

బహిరంగంగా చెడగొట్టినదాన్ని బహిరంగంగానే సరిదిద్దాలని ఎందుకు పట్టుబట్టామని కొందరు అడిగారు. బఖరా సూరా 160వ ఆయత్ చూడండి. సత్యాన్ని దాచినవారి సందర్భంలో వచ్చిన ఆ ఆయత్ పశ్చాత్తాపంతో పాటు సంస్కరించుకోవడాన్ని, విడమరచి చెప్పడాన్ని కూడా ప్రస్తావిస్తుంది.

బాధితుడికి అసలు తెలియకపోతే?

ఈ ఒక్క ప్రశ్న మీద రెండు వారాలు గడిచాయి. వెళ్లి చెప్పి మాఫీ అడగవలసిందేనని కొందరు పండితులు అంటారు. తెలియని బాధను కొత్తగా కలిగించవద్దని, ఆ మనిషి కోసం దుఆ (ప్రార్థన) చేస్తూ, ఎక్కడ చెడుగా మాట్లాడామో అక్కడే అతని మంచిని చెప్పాలని ఇబ్ను తైమియా వంటి పండితులు అంటారు. మన యువకుల్లో చాలామంది రెండో అభిప్రాయాన్ని ఆనందంగా అందుకున్నారు. ఆ ఆనందమే నాకు కొంచెం అనుమానం కలిగించింది. నలుగురి చెవిన పడని మాటకు ఆ వెసులుబాటు చక్కగా అమరుతుంది. బాధితుడి బంధువులే సభ్యులుగా ఉన్న గ్రూపులో పెట్టిన మాట అతనికి చేరలేదని మనం ఎలా నమ్ముతాం? చేరిందనే అనుకుని నడుచుకోవడం మేలని నా అభిప్రాయం. ఇమామ్ గారు కూడా కాదనలేదు.

యువకుల సమావేశాలు

ఇక్కడ తలెత్తిన సమస్య వేరు. తాము చూసినవి, రాసినవి, పంపినవి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి "ఇప్పుడు తౌబా చేసుకున్నాను" అని పోస్టు పెట్టడం కొందరికి అలవాటైంది. అల్లాహ్ రాత్రి కప్పి ఉంచిన పాపాన్ని తెల్లవారి తానే బయటపెట్టుకునేవాడి గురించి బుఖారీ, ముస్లిమ్‌లలో హెచ్చరిక ఉంది. ఎవరికీ హాని చేయని రహస్య పాపాన్ని రహస్యంగానే కడుక్కోవాలని, దానికి లైకులు అవసరం లేదని చెప్పాం. మరొకరి పాత పోస్టు స్క్రీన్‌షాట్ తీసి "వీడి అసలు రూపం" అంటూ తిప్పేవారికి హుజురాత్ సూరా 12వ ఆయత్ చదివి వినిపించాం. కూపీలు లాగవద్దన్నది, చచ్చిన సోదరుడి మాంసం తినడానికి ఇష్టపడతారా అని అడిగేది ఆ ఆయతే.

తన పాత వీడియో ఇంకా తిరుగుతూనే ఉందని, తన ఖాతాలో పాపం రోజూ పెరుగుతూనే ఉంటుందేమోనని ఒక యువకుడు బెంగపెట్టుకున్నాడు. చేతనైనంత వరకు తొలగించు, తిప్పుతున్నవారిని ఆపమని అడుగు, శక్తికి మించినది అల్లాహ్ మోపడని బఖరా సూరా చివరి ఆయత్ చెబుతోంది, జుమర్ సూరా 53వ ఆయత్ చదువుకో, నిరాశపడకు అని ఇమామ్ గారు ధైర్యం చెప్పారు. ఫోను అమ్మేస్తే తౌబా అయిపోతుందా అని అతను అడిగినప్పుడు మాత్రం అందరూ నవ్వారు.

మహిళల సమావేశాల్లో ఇతరుల ఫోటోలను అనుమతి లేకుండా పంచుకోవడం, వ్యాఖ్యల్లో ఎగతాళి చేయడం ప్రధానంగా చర్చకు వచ్చాయి. అక్కడి సూచనలను ప్రత్యేక పత్రంగా ఇస్తాం. గ్రంథాలయం పనులు యథాప్రకారం జరిగాయి.

వచ్చే ఏడాది

తౌబా నమాజ్ తరగతులు కొనసాగుతాయి. సవరణ సందేశం రాసుకోవడంలో, మాఫీ అడగడంలో సాయం కావలసినవారి కోసం ఇద్దరు పెద్దలు ఇషా (రాత్రి) నమాజ్ తర్వాత అందుబాటులో ఉంటారు. అక్కడ చెప్పుకున్న మాట ఏ గ్రూపులోకీ వెళ్లదు. మన సంఘం గ్రూపులో ఎవరిపైనైనా ఆరోపణ ఉన్న సందేశాన్ని, అది నిజమైనా సరే, పెట్టకూడదన్న నియమాన్ని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వార్త తెచ్చినప్పుడు నిర్ధారించుకోమన్న హుజురాత్ సూరా 6వ ఆయత్ ఒక్కటే చాలు, కొత్త నియమం దేనికని కొందరి వాదన. మోసగాళ్ల గురించి హెచ్చరించవలసి వస్తే ఎలా అని ఇంకొందరు అడుగుతున్నారు. ఇది న్యాయమైన ప్రశ్నే, దానికి మినహాయింపు ఎలా రాయాలో ఇంకా తేలలేదు. ఈ రెంటి మీద మీ అభిప్రాయాలు సర్వసభ్య సమావేశానికి ముందే కాగితం మీద రాసి కార్యదర్శికి అందజేయండి. గ్రూపులో చర్చించవద్దు.

వస్సలాం,
కార్యదర్శి