గ్రంథాలయంలో చెవులతో పనేముంది నాన్నా

ఫ్రీమాంట్,
16-2-2026, సోమవారం

పూజ్యులైన నాన్నగారికి మీ చిన్నమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు, అమ్మ, అన్నయ్య వాళ్ళు క్షేమమని తలుస్తాను.

ఇంతవరకూ మీరు నేర్పిన పద్ధతి. ఇక్కణ్ణించి నా ఇష్టం. కవరు మీద గుండ్రటి స్టాంపు చూశారా? మీ డబ్బాలో ఇలాంటిది లేదు. నీళ్ళలో నానబెట్టకండి, ఇది స్టిక్కరు రకం, ఊడి రాదు. చుట్టూ కాగితంతో సహా కత్తిరించి దాచుకోండి. అన్నట్టు, మీ రిజిస్టరు పోస్టుని స్పీడు పోస్టులో కలిపేశారని చదివిన రోజున మీరే గుర్తొచ్చారు. ఆ రోజు అమ్మ మీద విసుక్కునే ఉంటారు.

నిన్న శివరాత్రికి లివర్‌మోర్ గుడికి వెళ్ళాం. రాత్రంతా మేలుకుందామని ఇల్లు చేరి, పదకొండింటికే నిద్రపోయాను. ఈ ముక్క మాత్రం అమ్మకి చదివి వినిపించకండి. ఇవాళ ప్రెసిడెంట్ల పేరుమీద సెలవు. లైబ్రరీ లేదు, సెంటరు లేదు, బుడ్డోడు పడుకున్నాడు. కాగితం తీశాను.

ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పోలేదు, ఆగింది. నా పర్మిట్ కార్డు గడువు జనవరిలో తీరింది. ఇదివరకైతే కొత్తదానికి అర్జీ పెట్టి, అది వచ్చేదాకా పాతదాని మీదే పనిచేసుకునేవాళ్ళం. పోయిన అక్టోబరు 30 నుంచి పెట్టే అర్జీలకి ఆ వీలు తీసేశారు. కార్డు వచ్చిన రోజున మళ్ళీ వెళ్తాను. మీ అల్లుడి ఉద్యోగం బాగానే ఉంది. దీని గురించి ఇంకేం అడక్కండి.

ఇక మీరు ఆ ఆదివారం ఫోన్లో అన్న మాట. "ఊరికే చాకిరీ చేయడానికా నిన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది?" అన్నారు. నేను జవాబు చెప్పాను. మీకు వినపళ్ళేదు. గట్టిగా అరిచాను. ఏంటో అంటోంది చూడమని ఫోను అమ్మకిచ్చేశారు. అమ్మ సగం విని, ఆ సగంలో సగం మీకు చెప్పింది. ఆ మిగిలినదే ఇప్పుడు రాస్తున్నాను.

మీరు పోస్టాఫీసు మూసేశాక ఆరింటి నుంచి వరండాలో కూచునేవారు, గుర్తుందా? మగ్గాలవాళ్ళు వచ్చేవారు. షోలాపూరు వెళ్ళిన కొడుక్కి ఉత్తరం, అల్లుడికి ఉత్తరం, మనియార్డరు ఫారం. ఒక్క పైసా పుచ్చుకోలేదు. అమ్మ గొణిగితే "వాళ్ళకి అక్షరాలు రావు, నాకొచ్చు, అంతేగా" అనేవారు. ముప్ఫయ్యారేళ్ళు చేశారు. నేను లైబ్రరీలోనూ ముసలివాళ్ళ సెంటర్లోనూ ఊరికే చేస్తోంది వారానికి రెండు రోజులు.

అమ్మకి ఇంకో కంగారు. వేలిముద్రలు తీసుకున్నారన్నానని రెండు రోజులు అన్నం సయించలేదట, వదిన చెప్పింది. నేరం చేసినందుకు కాదమ్మా. పిల్లల దగ్గరికీ ముసలివాళ్ళ దగ్గరికీ పనికి వచ్చేవాళ్ళ మీద పాత కేసులేమన్నా ఉన్నాయేమో చూసుకుంటారు. మన దగ్గర కూడా చూస్తే బాగుండు. ఇంకోటి, జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని మాలాంటివాళ్ళతో ఊరికే చేయించుకోకూడదు, మేం చేయకూడదు. అందులోనూ కార్డు లేనివాళ్ళం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మొదటినుంచీ ఊరికే చేస్తున్న పనులేవో అడిగి తెలుసుకుని, అవే తీసుకున్నాను.

ఈ ఊరికి మీ వయసే నాన్నా. 1956లో అయిదు చిన్న ఊళ్ళు కలిపి ఫ్రీమాంట్ అని పేరు పెట్టారు. ఇది జనవరిలో, మన ఆంధ్రప్రదేశ్ నవంబరులో. పెద్ద లైబ్రరీ స్టీవెన్‌సన్ రోడ్డు మీద, మా ఇంటికి పది నిమిషాలు. గ్రంథాలయాలు ఇక్కడ ఊరివి కావు, అలమీడా కౌంటీవి. మన జిల్లా గ్రంథాలయ సంస్థ అనుకోండి. ఇంటిపన్ను కట్టిన ప్రతిసారీ "రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయానికే" అని రసీదు చూపించేవారు కదా, ఇక్కడా చాలాభాగం ఆస్తిపన్నులోంచే. ముసలివాళ్ళ పనులు మాత్రం ఊరు చూసుకుంటుంది. ఎలిజబెత్ చెరువు ఒడ్డున ఏజ్ వెల్ సెంటర్ అని ఉంది. ఆ చెరువు చుట్టూ సాయంత్రాలు చూడాలి మీరు. స్వెట్టరు మీద చీర కట్టుకున్న మామ్మలు, మంకీ టోపీ తాతలు, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాళ్ళు. మీరు వచ్చినప్పుడు "ఇదేంటే, చీరాల బీచిలా ఉంది" అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం అక్కడ భోజనాల దగ్గర ఉంటాను. 60 దాటితే చాలు. ఒక పెట్టె ఉంటుంది, ఇంత వేస్తే మంచిదని రాసి ఉంటుంది. వేశారా లేదా అని ఎవరూ చూడరు. పెద్దవాళ్ళ కోసం 1965లో చేసిన చట్టం ఒకటుంది, దాని కింద దేశమంతా ఇదే పద్ధతి. కూరల్లో ఉప్పు ఉండదు, కారం ఊసే లేదు. మొదట్లో వీళ్ళకి ఇంట్లో జరగక వస్తున్నారేమో అనుకున్నాను. కాదు. ఒకావిడ పదకొండింటికే వచ్చి, పక్క కుర్చీలో తన సంచీ పెట్టి కాపలా కాస్తుంది. పన్నెండున్నరకి ఇంకొకావిడ వస్తుంది. ఇద్దరూ తినేది పావు ప్లేటు, మాట్లాడేది రెండు గంటలు. రేపు చైనావాళ్ళ కొత్త సంవత్సరం, గుర్రం ఏడాదట. వాళ్ళ తాతగారొకాయన నా సంచీలో రెండు నారింజలు పెట్టి, వద్దంటే చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయాడు. అచ్చం మన పెదనాన్నే.

భోజనాలయ్యాక ఫోన్లు నేర్పే గంట. దీని గురించే రాయాలా వద్దా అని ఇంతసేపూ తిప్పుతున్నాను.

జలంధర్ తాతగారు ఒకాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఫోనులో అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే పెద్దవి చేసిచ్చాను. ఆయనకి కావాల్సింది ఒక్కటే, తమ్ముడికి ఫొటో పంపడం. నాలుగు వారాలుగా అదే అడుగుతారు. నేను చెబుతుంటే జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వాళ్ళ లిపిలో ఒకటి, రెండు, మూడు అని రాసుకుంటారు. మధ్యలో ఫోను నల్లబడుతుంది, చెడిపోయిందని భయపడతారు, మళ్ళీ మొదటికొస్తాం. నాకు విసుగే రాదు. అయిదోవారం అడిగినా చెబుతాను.

దసరాకి మీరు నన్ను ఇదే అడిగారు. కొత్త మగ్గం ఫొటో పంపాలని. మూడోసారి అడిగేసరికి "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా, అన్నయ్య కొడుకుని అడగండి" అన్నాను. ఆ తర్వాత మీ దగ్గర్నుంచి ఒక్క ఫొటో రాలేదు. నేను లెక్కపెట్టుకునే ఉన్నాను.

సెంటర్లో చేరిన కొత్తలో మాకు ఒకరోజు పాఠం చెప్పారు. చెవులు మందగించినవాళ్ళతో అరవకూడదట. అరిస్తే మాట పగిలి ఇంకా అర్థం కాదట. ఎదురుగా కూచుని, పెదాలు కనపడేలా, నిదానంగా, మామూలు గొంతుతోనే చెప్పాలట. అర్థం కాకపోతే అదే మాటని మళ్ళీ మళ్ళీ చెప్పకుండా వేరే మాటలో చెప్పాలట. ఆ రోజు ఇంటికి కారు నడుపుకుంటూ ఎలా వచ్చానో నాకే తెలీదు. ఆరేళ్ళుగా ఇంటిల్లిపాదీ మీ మీద అరుస్తున్నాం.

అందుకని ఒకటి చేశాను. ఫోనులో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అని ఉంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు అక్షరాలై తెర మీద పడతాయి, తెలుగులో కూడా. నేను మాట్లాడి చూశాను. మన ఊరి పేరు వేటపాలెం అంటే "వేట పాలు" అని రాసింది, మిగతాదంతా బాగానే పట్టింది. అన్నయ్యతో మీ ఫోనులో పెట్టించుకోండి. ఎలా నొక్కాలో, ఏ రంగు బొమ్మో, వెనక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాశాను. జలంధర్ తాతగారి లెక్కలోనే ఒకటి, రెండు, మూడు. చెవి మిషను మళ్ళీ బీరువాలో పెట్టారని తెలుసు. ఈల వేస్తోందని తీసేశారట. ఈల వేస్తే సాధారణంగా చెవిలో బిళ్ళ సరిగ్గా కూచోలేదని. ఒంగోలు తీసుకెళ్ళి సరిచేయించమని అన్నయ్యకి విడిగా రాశాను.

పెరటి మెట్ల దగ్గర జారారట కదా. అది మీరూ చెప్పలేదు, అమ్మా చెప్పలేదు. వదిన చెప్పింది. వదిన మీద కోప్పడితే ఊరుకోను. ఆ మెట్టు మీద పాకుడు గీకించండి, పక్కన పైపు ఒకటి బిగించమనండి, పట్టుకోవడానికి. ఇక్కడ తొంభై ఏళ్ళ మొనగాళ్ళు కూడా పైపు పట్టుకునే దిగుతారు, వాళ్ళ పరువేం పోలేదు.

గురువారాలు లైబ్రరీ. ఇంగ్లీషులో మాట్లాడడం నేర్చుకునేవాళ్ళు గుండ్రంగా కూచుంటారు, మేం మధ్యమధ్యలో అందిస్తుంటాం. ఈ ఊళ్ళో అఫ్గాన్‌వాళ్ళు ఎక్కువ. కాబూల్ అవ్వ ఒకావిడ నా పక్కనే కూచుంటుంది. ఇంగ్లీషు నేర్చుకోవాల్సిన గంటలో నాతో హిందీలో కబుర్లు చెబుతుంది, సినిమాలు చూసి నేర్చుకుందట. బాదం, పిస్తా ఏవైనా వాళ్ళ దేశానివే గొప్పంటుంది. నేనూరుకుంటానా, అమ్మ పంపిన జీడిపప్పు పట్టుకెళ్ళాను. ఒకటి నోట్లో వేసుకుంది. ఏమీ అనలేదు. కాసేపటికి గుప్పెడు తీసి కోటు జేబులో వేసుకుంది. పెద్దత్తయ్యగారి అబ్బాయి ఏప్రిల్‌లో వస్తున్నాడు కదా, ఇంకో అరకిలో పంపండి, గుండుపప్పే కావాలి.

మీ ఊళ్ళో లైబ్రరీ ఉందా అని అక్కడ ఒకాయన అడిగాడు, పాపం మామూలుగానే అడిగాడు. "మీ ఊరు పుట్టింది 1956లో, మా ఊరి సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, గాంధీగారి చేతికర్ర మా దగ్గరే ఉంది, పాత పత్రికలు చూడడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు" అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. రోజూ వెళ్తావా అన్నాడు. మా నాన్న వెళ్తారు అన్నాను. అబద్ధం చెప్పాను. మీరు వెళ్ళి ఏడాది దాటిందని అమ్మ చెప్పింది. ఎవరైనా పలకరిస్తే వినపడదని మానేశారట. గ్రంథాలయంలో చెవులతో పనేముంది నాన్నా? అక్కడ మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉన్నది చూపించి నా నోరు మూయించింది మీరే కదా.

మన తెలుగు సాహిత్యానికి లైబ్రరీ లెక్కలో ఒక నంబరు ఉంది, 894.827. పక్కనే కన్నడం 894.814. మీకు నంబర్లంటే ఇష్టమని రాస్తున్నాను.

ఇక్కడ గ్రంథాలయ మిత్రులని ఒక సంఘం ఉంది. జనం ఇచ్చేసిన పాత పుస్తకాలు అమ్మి ఆ డబ్బు లైబ్రరీకి ఇస్తారు. పుస్తకాలు ఏరి పెట్టడానికి నేనూ వెళ్తాను. పోయినవారం ఒక అట్టపెట్టె నిండా తెలుగు పుస్తకాలు వచ్చాయి. ఎవరిచ్చారో పేరు లేదు. చూడగానే తెలిసింది, ఎవరో పెద్దాయనవి, అట్టలు వేసి ఉన్నాయి, క్యాలెండరు కాగితంతో, మీరు వేసినట్టే. ఒకదానిలో గుర్తుకి పెట్టుకున్న పోస్టుకార్డు దొరికింది. పదిహేను పైసల కార్డు. సిరా వెలిసిపోయింది కానీ చదవొచ్చు. "అంతా క్షేమం. నాన్నకి కళ్ళజోడు మార్పించాం. ఇప్పుడు పేపరు తనే చదువుకుంటున్నారు. నువ్వు కంగారు పడి రావద్దు, సెలవులకే రా." కింద సంతకం ఒక్క అక్షరం.

పెట్టెలో దొరికినవాటిని ఇచ్చినవాళ్ళు తెలిస్తే తిరిగి ఇచ్చేస్తారు. వీళ్ళెవరో తెలీదు. నా దగ్గరే ఉంచుకోమన్నారు, కనుక్కోగలిగితే కనుక్కోమన్నారు. చిరునామాలో ఊరి మీద మరక పడింది. పంపిన ఊరి ముద్ర సగమే పడింది, చివర ఇంగ్లీషులో పాలెం అన్నది మాత్రం కనిపిస్తోంది. ముందు రెండో మూడో అక్షరాలు, మొదటిది ఎస్ కావచ్చు, జి కావచ్చు. తేదీలో 84 అని ఉంది. కార్డు రెండువైపులా జిరాక్సు తీసి, ముద్ర ఉన్న చోట పెద్దది చేయించి ఇందులో పెట్టాను. ఆ రోజుల్లో మీ సబ్ డివిజన్‌లో ఉన్న పాలేలన్నీ మీకు నోటికొచ్చు. భూతద్దం మేజా సొరుగులో కుడివైపున ఉంటుంది. తీరిగ్గా చూసి రాయండి. జీతం ఏమీ ఉండదు.

ఇట్లు
మీ చిన్నమ్మాయి